నూనెలో జారే ముఖాలపై సూక్ష్మ గుంటలు: కొలతలు, చెక్కే పద్ధతి, అరుగుదల లెక్క

అద్దంలా మెరిసేలా నునుపు చేసిన రెండు లోహపు ముఖాలు నూనెలో జారితే రాపిడి అతి తక్కువగా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ రెండూ మరీ నునుపుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే మధ్యలో నూనె నిలవదు. బరువు పడగానే పక్కలకు జారిపోతుంది, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. యంత్రాల స్లైడ్‌వేలను (భాగాలు జారే పట్టాలను) చేత్తో స్క్రేప్ చేసే ఫిట్టర్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. స్క్రేపర్‌తో వేసే కొద్ది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతు చంద్రవంకలు అందం కోసం కాదు, నూనెను పట్టి ఉంచడం కోసం. ఇంజిన్ లైనర్‌లో హోనింగ్ రాళ్లు గీసే అడ్డ గీతలు చేసేదీ అదే. లేజర్‌తోనో, ఆమ్లంతోనో చెక్కే సూక్ష్మ గుంటలు ఆ పనినే లెక్క ప్రకారం చేస్తాయి.

అయితే "గుంటలు వేస్తే రాపిడి తగ్గుతుంది" అనేది సగం నిజమే. తిరిగే షాఫ్టు దగ్గర ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్‌లో బాగా పనిచేసిన గుంటే గేరు పంటి మీద వేస్తే పన్ను తొందరగా పాడవుతుంది. తేడా అంతా నూనె పొర మందంలో ఉంది. ఆ మందం ఎంతో తెలియకుండా లోతు, వ్యాసం ఎంచుకోవడమంటే కాలు కొలవకుండా చెప్పు కుట్టడమే. అందుకే ఇక్కడ లేజర్ యంత్రంతో కాకుండా పొర మందంతో మొదలుపెడుతున్నాం.

ముందు పొర ఎంతో తేల్చుకోండి

జారే జత ప్రవర్తనను చూపే గీతను, జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో ప్రచురించిన ప్రయోగాలను బట్టి, నేటికీ స్ట్రైబెక్ వక్రం అంటున్నారు. అడ్డంగా నూనె స్నిగ్ధతను (చిక్కదనాన్ని) వేగంతో గుణించి ఒత్తిడితో భాగించిన విలువ, నిలువుగా రాపిడి గుణకం. ఎడమ కొసన వేగం తక్కువ, బరువు ఎక్కువ. లోహం లోహాన్ని తాకుతూనే ఉంటుంది, గుణకం సుమారు 0.1 నుంచి 0.15. కుడి కొసన పూర్తి పొర రెండు ముఖాలనూ విడదీస్తుంది, గుణకం 0.01 కన్నా కిందికి దిగుతుంది. ఈ రెండింటి నడుమ మిశ్రమ దశ ఉంటుంది. అక్కడ బరువులో కొంత నూనె మోస్తుంది, కొంత ముఖాల మీది ఎత్తు శిఖరాలు మోస్తాయి. గుంటలకు అసలు చోటు ఈ మిశ్రమ దశే. అవి వక్రాన్ని ఎడమకు జరుపుతాయి. అంటే ఇంతకుముందు ఎక్కువ వేగం దగ్గర ఏర్పడే పూర్తి పొర ఇప్పుడు తక్కువ వేగానికే ఏర్పడుతుంది.

మీ జత ఏ దశలో ఉందో చెప్పే చిన్న లెక్క లాంబ్డా. రెండు ముఖాల ఆర్‌క్యూ (ముఖం ఎత్తుపల్లాల వర్గాల సగటుకు వర్గమూలం) గరుకుదనాలను విడివిడిగా వర్గం చేసి కలపండి, మొత్తానికి వర్గమూలం తీయండి. కనిష్ఠ పొర మందాన్ని దానితో భాగిస్తే లాంబ్డా వస్తుంది. 1 కన్నా తక్కువైతే తాకిడి దశ, 1 నుంచి 3 మధ్య మిశ్రమ దశ, 3 దాటితే పూర్తి పొర. రెండు ముఖాలూ 0.2 మైక్రాన్ల ఆర్‌క్యూ అయితే ఉమ్మడి గరుకుదనం 0.28 మైక్రాన్లు. పూర్తి పొర కావాలంటే కనీసం 0.85 మైక్రాన్ల మందం ఉండాలి. ఈ 0.85ను గుర్తు పెట్టుకోండి. లేజర్ వదిలే అంచు గట్టు ఎంత ప్రమాదమో తర్వాత దీనితోనే పోల్చాలి.

పొర మందం లెక్కించేటప్పుడు అందరూ పొరపడేది ఉష్ణోగ్రత దగ్గర. ఐఎస్ఓ వీజీ 68 నూనె స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ వద్ద 68 సెంటీస్టోక్‌లు. మామూలు ఖనిజ నూనె అయితే 100 డిగ్రీల వద్ద అది ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. డబ్బా మీది అంకె తీసుకుని 90 డిగ్రీల్లో తిరిగే జతకు పొర లెక్కిస్తే, పూర్తి పొరలో ఉందనుకున్నది నిజానికి మిశ్రమ దశలోనో, ఇంకా కిందనో ఉంటుంది. జారే చోట నూనె నిజంగా ఎంత వేడిగా ఉందో దాన్నే లెక్కలోకి తీసుకోండి.

లెక్కలో లాంబ్డా ఎప్పుడూ 3 పైనే ఉంటే గుంటలు వేయకండి. అప్పటికే పూర్తి పొరలో ఉన్న జతకు గుంటల వల్ల కలిసొచ్చేది తక్కువ, కొన్ని చోట్ల మోసే శక్తి తగ్గుతుంది కూడా. లాంబ్డా 1 కన్నా బాగా కింద ఉండి, వేగం దాదాపు సున్నా అయితే గుంటలు నూనె నిల్వగా, మురికి బుట్టగా మాత్రమే పనికొస్తాయి, పొరను పైకెత్తవు. అలాంటి చోట చిక్కని నూనె వాడటం, సరైన అడిటివ్ (నూనె గుణం పెంచే రసాయనం) కలపడం, ముఖాలను సరిగ్గా సమాంతరం చేయడం ముందు పనులు.

గుంట లోపల ఏం జరుగుతుంది

నూనె ఎదురు ముఖంతో పాటు లాగబడుతూ గుంటలోకి దిగే చోట సందు వెడల్పవుతుంది, పీడనం పడిపోతుంది. గుంట దాటి బయటికి వచ్చే చోట సందు ఇరుకవుతుంది, పీడనం పెరుగుతుంది. రెండూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఫలితం సున్నా కావాలి. కానీ పీడనం పడిపోవడానికి అడుగు ఉంది. వాతావరణ పీడనం కన్నా సుమారు 0.1 మెగాపాస్కల్ కిందికి దిగేసరికి నూనెలో కరిగిన గాలి బుడగలుగా విడిపోతుంది, అక్కడితో తగ్గుదల ఆగిపోతుంది. పెరుగుదలకు అలాంటి హద్దు లేదు. ఈ అసమానతే ముఖాన్ని పైకెత్తే బలం. వరుసగా వేల గుంటలు ఇదే పని చేస్తే సమాంతర ముఖాల మధ్య కూడా పొర నిలుస్తుంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. చుట్టూ ఉన్న ద్రవమే ఎక్కువ పీడనంలో ఉంటే, ఉదాహరణకు అధిక పీడనాన్ని ఆపే సీల్‌లో, బుడగలు ఏర్పడవు. అప్పుడు ముఖమంతా గుంటలు వేసినా పెద్దగా లాభం ఉండదు. అక్కడ అధిక పీడనం వైపు ఉన్న భాగంలోనే గుంటలు వేసి, తక్కువ పీడనం వైపు పట్టీని నునుపుగా వదిలేయాలి. సందు మెట్టులా ప్రవర్తించి, ద్రవం పీడనమే ముఖాలను కొంచెం ఎడంగా ఉంచుతుంది.

గుంట చేసే మిగతా పనులు సూటిగానే అర్థమవుతాయి. యంత్రం ఆగి మళ్లీ మొదలైనప్పుడు గుంటలోని నూనె పైకి వచ్చి చదును భాగాన్ని తడుపుతుంది. అరిగి రాలిన రేణువులు గుంటలో పడితే ముఖాలను గీకకుండా ఉంటాయి. అయితే నిల్వ ఎంతో తెలుసుకుంటే గుంటల మీద అతి ఆశ పోతుంది. 100 మైక్రాన్ల వ్యాసం, 6 మైక్రాన్ల లోతు, గిన్నె ఆకారం, ముఖం వైశాల్యంలో 10 శాతం గుంటలు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు సుమారు 1,270 గుంటలు పడతాయి. వాటన్నిటిలో కలిపి నిలిచే నూనె ఘన మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు. ముఖమంతా పరిస్తే 0.3 మైక్రాన్ల పొర. కొద్ది సెకన్ల తడి ఆరుదలకు అది చాలు, నూనె సరఫరా ఆగిపోయిన బేరింగ్‌ను కాపాడటానికి చాలదు.

కొలతలు ఎంచుకోవడం

సమాంతరంగా జారే చదును ముఖాలకు, అంటే థ్రస్ట్ వాషర్లు, సీల్ ముఖాలు, స్లైడ్‌వేలకు, మొదలుపెట్టదగ్గ కొలతలు ఇవి: వ్యాసం 100 మైక్రాన్లు, లోతు 6 మైక్రాన్లు, వైశాల్యం 10 శాతం. ఒక్కో అంకె వెనక ఒక్కో కారణం ఉంది.

లోతును పొర మందం నిర్ణయిస్తుంది. పీడనం బాగా పెరగాలంటే లోతు పొర మందానికి దగ్గరగానో, దానికి కొద్ది రెట్లుగానో ఉండాలి. మరీ లోతైతే నూనె గుంట లోపలే సుడి తిరుగుతూ ఉండిపోతుంది, పైకెత్తే బలం రాదు. మరీ తక్కువైతే రన్నింగ్-ఇన్ (కొత్త ముఖాలు మొదట్లో ఒకదానికొకటి అరిగి సర్దుకోవడం) పూర్తయ్యేసరికి గుంట మాయమవుతుంది. పొర సుమారు 1 మైక్రాన్, రన్నింగ్-ఇన్‌లో పోయేది 1 నుంచి 2 మైక్రాన్లు, ఆ తర్వాత కొన్నేళ్ల పనిలో పోయేది ఇంకో 2 అనుకుంటే 6 దగ్గర మొదలుపెట్టడం న్యాయం. లోతును వ్యాసంతో భాగిస్తే ఇక్కడ 0.06; ఈ నిష్పత్తిని 0.01కీ 0.1కీ మధ్య ఉంచండి.

వైశాల్యం 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే సరిపోతుంది. గుంటలు పెరిగే కొద్దీ బరువు మోసే చదును భాగం తగ్గుతుంది. 10 శాతం గుంటలైతే మిగిలిన చదును మీద ఒత్తిడి 11 శాతం పెరుగుతుంది. 30 శాతం అయితే 43 శాతం పెరుగుతుంది, తాకిడి దశలో అరుగుదల కూడా దాన్నే అనుసరిస్తుంది. ఎక్కువ గుంటలు ఎక్కువ మేలన్న ఆలోచన చాలా ముఖాలను పాడుచేసింది.

పిచ్ (పక్కపక్క గుంటల కేంద్రాల మధ్య దూరం) లెక్క: చతురస్రపు అమరికలో గుంట వ్యాసాన్ని, 0.785ను వైశాల్య భిన్నంతో భాగించిన విలువ వర్గమూలంతో గుణించండి. 100 మైక్రాన్ల గుంటకు 10 శాతం అయితే పిచ్ 280 మైక్రాన్లు, 5 శాతం అయితే 396, 20 శాతం అయితే 198.

ఇక చాలామంది పట్టించుకోని విషయం, వరుసల దిశ. చతురస్రపు వరుసలు జారే దిశకు సరిగ్గా సమాంతరంగా ఉంటే, 280 పిచ్‌లో ప్రతి రెండు వరుసల మధ్య 180 మైక్రాన్ల వెడల్పు పట్టీ ఒక్క గుంటనూ దాటకుండానే జారుతుంది. ఆ పట్టీలో పడిన రేణువు ఏ గుంటలోనూ పడదు, ముఖం పొడవునా గీత గీస్తూ పోతుంది. కొద్ది గంటల్లో ముఖం మీద సమాన ఎడంతో చారలు కనిపిస్తే కారణం ఇదే. అమరికను 18.4 డిగ్రీలు తిప్పండి, అంటే మూడు అడుగులకు ఒక అడుగు వాలు. అప్పుడు దిశకు సమాంతరమైన వరుసల మధ్య ఎడం 280ని 3.16తో భాగించినంత, సుమారు 89 మైక్రాన్లు అవుతుంది. గుంట వ్యాసం 100 కాబట్టి ముఖం మీద ప్రతి గీతా ఏదో ఒక గుంట మీదుగా పోతుంది. రెండుకు ఒకటి వాలు, అంటే 26.6 డిగ్రీలు, తిప్పితే ఎడం 125 అవుతుంది, పని కాదు. 5 శాతం అమరికకు నాలుగుకు ఒకటి వాలు కావాలి, అంటే 14 డిగ్రీలు. అప్పుడు ఎడం 96. ఈ చిన్న తిప్పుకు ఖర్చేమీ లేదు, లేజర్ ప్రోగ్రాములో ఒక అంకె మార్చడమే.

ముఖమంతా వేయాలా, కొంత భాగమేనా? ఒకే దిశలో కదిలే థ్రస్ట్ ప్యాడ్ లాంటి వాటికి నూనె ప్రవేశించే వైపు సగం, లేదా సగం కన్నా కొంచెం ఎక్కువ భాగంలో గుంటలు వేసి మిగతాది నునుపుగా వదలడం ముఖమంతా వేయడం కన్నా బలంగా ఎత్తుతుంది. గుంటలున్న భాగం సగటున లోతుగా ఉన్నట్టు, నునుపు భాగం మెట్టులా ఉన్నట్టు పనిచేస్తుంది. లార్డ్ రేలీ 1918లో లెక్కకట్టిన మెట్టు బేరింగ్ సూత్రమే ఇక్కడ గుంటల రూపంలో పనిచేస్తోంది. ఇది నిలకడగా ఉన్న ముఖం మీద గుంటలు వేసినప్పుడే పనిచేస్తుంది. దిశ తిరగబడితే ప్రభావం కూడా తిరగబడుతుంది. పిస్టన్ రింగ్‌లా ముందుకూ వెనక్కూ కదిలే వాటికి రెండు అంచుల వైపులా గుంటలు వేసి నడుమ పట్టీని నునుపుగా ఉంచాలి.

ముఖం అంచు నుంచి కనీసం ఒక మిల్లీమీటరు వరకు గుంటలు వేయకండి. అంచును కోసిన గుంటలోంచి పీడనం బయటికి కారిపోతుంది. గీతలు చెక్కేటప్పుడు ఈ తప్పు ఇంకా పెద్దది. గీత అంచు దాకా వెళితే అది నూనె కాలువ అవుతుంది తప్ప పొరను ఎత్తదు.

రెండు ముఖాల్లో గట్టిదాని మీదే గుంటలు వేయండి. మెత్తని ముఖం అరుగుతుంది, దానితో పాటు గుంటలూ పోతాయి. పైగా మెత్తని లోహంలో గుంట అంచులు నలిగి మూసుకుపోతాయి. గట్టి ముఖం మీద వేసినప్పుడు మాత్రం అంచులు పదునుగా లేకుండా చూసుకోవాలి. లేకపోతే అవి ఆకురాయి పళ్లలా ఎదుటి మెత్తని ముఖాన్ని తోముతాయి.

బంతి బేరింగులు, గేరు పళ్లు, క్యామ్‌ల సంగతి పూర్తిగా వేరు. వీటిలో తాకే చోటు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే, ఒత్తిడి గిగాపాస్కల్ స్థాయిలో ఉంటుంది. 100 మైక్రాన్ల గుంట ఆ చోటును చాలావరకు మింగేస్తుంది. అది లోపలికి వచ్చిన క్షణంలో పొర కూలుతుంది, అంచు దగ్గర ఒత్తిడి పోగై పిట్టింగ్ (ముఖం పెచ్చులూడి గుంతలు పడటం) మొదలవుతుంది. ఇలాంటి చోట్ల గుంటలు వేయక తప్పకపోతే తాకే వెడల్పు కన్నా చాలా చిన్నవిగా, లోతు మైక్రాను లోపే ఉండాలి. సాధారణ వర్క్‌షాపు పద్ధతుల్లో ఇది చేతికి చిక్కదు. నా సలహా, వేయకండి.

లేజర్‌తో చెక్కడం

1. ముఖాన్ని ముందే పూర్తి కొలతకు గ్రైండ్ చేసి, ల్యాప్ చేసి (సన్నని రాపిడి పేస్టుతో చదునుగా నునుపు చేసి), గట్టిపరిచే వేడి చికిత్స ముగించి పెట్టుకోండి. గుంటలు వేశాక వేడి చికిత్స చేస్తే ముఖం వంకరపోతుంది, మళ్లీ గ్రైండ్ చేస్తే గుంటలు పోతాయి.

2. అదే లోహం, అదే గట్టిదనం ఉన్న పనికిరాని ముక్క మీద పల్సుల (లేజర్ దెబ్బల) మెట్ల పట్టిక వేయండి: 2, 4, 8, 16, 32 పల్సులు, ఒక్కోదానికి పది గుంటలు. ఆప్టికల్ ప్రొఫైలోమీటరుతో (ఎత్తుపల్లాలను కాంతితో కొలిచే పరికరంతో) లోతు కొలిచి పల్సుల సంఖ్యకూ లోతుకూ గీత గీయండి. వేరే లోహం మీద తీసిన గీత ఇక్కడ పనికిరాదు.

3. కావలసిన లోతుకు ల్యాపింగ్‌లో పోయేది కలపండి. ముఖం నుంచి 1 మైక్రాన్ పోతుందనుకుంటే చివరికి 6 మిగలడానికి 7 చెక్కాలి. గిన్నె ఆకారంలో లోతు తగ్గితే వ్యాసం కూడా తగ్గుతుంది కాబట్టి మొదట వ్యాసం 108 ఉంటేనే చివరికి 100 మిగులుతుంది.

4. ముఖం నాలుగు మూలలా ఫోకస్ చూసుకోండి. పని ముక్క కొంచెం వాలి ఉన్నా ఒక వైపు గుంటలు లోతుగా, ఇంకో వైపు వెడల్పుగా, లోతు తక్కువగా వస్తాయి.

నానోసెకను లేజర్ లోహాన్ని కరిగించి బయటికి నెడుతుంది. ఆ లోహం గుంట చుట్టూ గట్టులా గడ్డకడుతుంది. ఆ గట్టు 1 నుంచి 2 మైక్రాన్లున్నా, మనకు కావలసిన పొర 0.85 మాత్రమే. అంటే గట్టు తీయని ముఖం నూనె పొరను చీల్చుకుని ఎదుటి ముఖాన్ని గీకుతుంది. గుంటలు వేశాక రాపిడి పెరిగిందని చెప్పే సందర్భాల్లో ముందు చూడవలసింది ఇదే. పికోసెకను, ఫెమ్టోసెకను లేజర్లతో గట్టు చాలా తక్కువ, అయినా కొలవకుండా లేదనుకోకండి.

లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. నునుపైన లోహం కిరణాన్ని అద్దంలా తిప్పి కొడుతుంది. లోహపు పొగను పీల్చే గొట్టం చెక్కే చోటి పక్కనే ఉండాలి.

లేజర్ లేకపోతే ఫోటోరెసిస్ట్ మాస్కు వేసి, ఉక్కును ఫెరిక్ క్లోరైడ్‌తో తినిపించవచ్చు. అంచు గట్టు రాదు, ముఖమంతా ఒకేసారి అయిపోతుంది. ద్రావణం కిందికి ఎంత తింటే పక్కలకూ దాదాపు అంతే తింటుంది. కాబట్టి 6 మైక్రాన్ల లోతుతో 100 వ్యాసం కావాలంటే మాస్కు రంధ్రం 88 ఉండాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పని కాగానే నీళ్లతో కడిగి, సోడా ద్రావణంతో ఆమ్లపు గుణం పోగొట్టి, ఆరబెట్టి, వెంటనే నూనె రాయండి. ఆలస్యమైతే గుంటల్లోంచే తుప్పు మొదలవుతుంది.

గట్టు తీయడం, కడగడం

గట్టి ఉక్కు ముఖానికి 1 నుంచి 3 మైక్రాన్ల డైమండ్ పేస్టుతో, చదును ల్యాపింగ్ ప్లేటు మీద, తేలికపాటి బరువుతో ల్యాప్ చేయండి. నిమిషానికొకసారి ఆపి అంచు ఎత్తు కొలవండి. మెత్తని గుడ్డతోనో, ఫెల్టుతోనో రుద్దకండి. అది గుంట అంచును గుండ్రంగా చేస్తుంది, గట్టు మాత్రం సగం మిగులుతుంది. కంచు, అల్యూమినియం లాంటి మెత్తని వాటికి విడి పేస్టు అసలు వాడకండి. డైమండ్ రేణువులు లోహంలో గుచ్చుకుని ఉండిపోతాయి, ఆ ముఖం ఇక ఉప్పు కాగితంలా ఎదుటిదాన్ని అరగదీస్తుంది. అక్కడ రేణువులు అతికించిన ల్యాపింగ్ ఫిల్మ్ వాడండి.

కడగడం దగ్గర తొందరపడకూడదు. పేస్టు గుంటలోకి దిగి కూర్చుంటుంది, పై నుంచి తుడిస్తే రాదు. అల్ట్రాసోనిక్ తొట్టిలో ద్రావకంతో పది నిమిషాలు, ద్రావకం మార్చి మరో పది నిమిషాలు ఉంచండి. తర్వాత సూక్ష్మదర్శినిలో ముఖం మీద అక్కడక్కడా కనీసం ఇరవై గుంటల అడుగు చూడండి. ఒక్కదానిలో బూడిద రంగు ముద్ద కనిపించినా మొత్తం మళ్లీ కడగండి. పరీక్షలో అరుగుదల మొదటి గంటలోనే విపరీతంగా వచ్చి ఆ తర్వాత నెమ్మదిస్తే, చాలాసార్లు తప్పు గుంటలది కాదు, వాటిలో మిగిలిన పేస్టుది.

నిజంగా తేడా ఉందా అని పరీక్షించడం

గుంటలున్న ముక్కను, గ్రైండింగ్ నుంచి నేరుగా వచ్చిన ముక్కతో పోల్చడం తరచూ జరిగే తప్పు. పోల్చే ముక్క కూడా అదే ల్యాపింగ్, అదే కడుగు, అదే ఆర్‌క్యూ దాటి రావాలి. గుంటలు మాత్రమే తేడాగా ఉండాలి. లేకపోతే మీరు కొలిచేది ల్యాపింగ్ ప్రభావం.

ఎదుటి ముఖం మీద జారేందుకు 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, కొస చదునైన పిన్ (పొట్టి కడ్డీ) తీసుకోండి. దాని వైశాల్యం 28.3 చదరపు మిల్లీమీటర్లు, కాబట్టి 28.3 న్యూటన్ల బరువు వేస్తే ఒత్తిడి సరిగ్గా 1 మెగాపాస్కల్. పిన్ ముఖమంతా వేస్తే సుమారు 360 గుంటలు పడతాయి. నూనె ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తేడాలో నిలపండి. సెకనుకు 0.1 మీటరు వేగంతో అరగంట రన్నింగ్-ఇన్ చేసి, ఆ తర్వాత 1 మీటరు నుంచి 0.01 మీటరు వరకు ఏడెనిమిది మెట్లలో వేగం తగ్గిస్తూ, ఒక్కో మెట్టు దగ్గర మూడు నిమిషాలు ఆగి రాపిడి రాసుకోండి. మళ్లీ పైకి వెళ్తూ అదే చేయండి. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ వచ్చిన గీతలు కలవకపోతే రన్నింగ్-ఇన్ ఇంకా పూర్తి కాలేదు. ఒక్కో రకానికి కనీసం మూడు ముక్కలు చేయండి.

చదును పిన్‌తో ఉన్న పెద్ద చిక్కు వాలు. 6 మిల్లీమీటర్ల మీద ఒక మైక్రాన్ వాలంటే డిగ్రీలో నూరో వంతు, కంటికి కనబడదు. కానీ ఆ ఒక్క మైక్రానే పొర మందం. వాలిన పిన్ కింద ఏటవాలు సందు ఏర్పడి, పిన్ నూనెను లాక్కుని పైకి లేస్తుంది. గుంటలు లేని పిన్ అలా లేస్తే గుంటల వల్ల లాభం లేదనిపిస్తుంది. గుంటలున్నది లేస్తే లాభం రెట్టింపు కనిపిస్తుంది. పిన్‌ను బంతి ఆధారం మీద తనంతట తాను సర్దుకునేలా పట్టండి, పరీక్షయ్యాక అరుగు గుర్తు ముఖమంతా సమానంగా పడిందో లేదో చూడండి. ఒక అంచునే మెరుపు కనిపిస్తే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి.

గుంటతోనే అరుగుదల కొలవడం

28.3 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు ముఖం ఒక మైక్రాన్ అరిగితే పోయే బరువు 0.22 మిల్లీగ్రాములు. 0.1 మిల్లీగ్రాముల వరకు చూపే తూకంతో ఇది కొలిచినట్టా, కొలవనట్టా అన్న స్థితి. ముక్కకు అంటుకుని మిగిలిన నూనె తడే అంత బరువుండొచ్చు. అదృష్టం కొద్దీ ప్రతి గుంటా ఒక కొలబద్ద. దాని అడుగు అరగదు, పై ముఖం అరుగుతుంది. కాబట్టి లోతు ఎంత తగ్గితే అక్కడ అంత అరిగినట్టు.

గిన్నె ఆకారపు గుంటలకు సూక్ష్మదర్శినిలో వ్యాసం కొలిస్తే చాలు. లోతు నిష్పత్తి వ్యాసం నిష్పత్తి వర్గంతో సమానం. 100 నుంచి 87కు వచ్చిందంటే 0.87 వర్గం 0.757, 6 మైక్రాన్ల లోతు 4.5కు వచ్చింది, అరిగినది 1.5 మైక్రాన్లు. వ్యాసం 71 అయితే లోతు సగం పోయి 3 మిగిలింది. ఆ దశలో వైశాల్యం 10 నుంచి 5 శాతానికి, నూనె నిల్వ నాలుగో వంతుకు దిగిపోతుంది. ఆమ్లంతో తిన్న చదును అడుగు గుంటలకు ఈ కిటుకు పనిచేయదు, ఎందుకంటే గోడలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి, వ్యాసం మారదు. అక్కడ లోతే కొలవాలి.

కొలిచేటప్పుడు ముఖం మధ్య, నాలుగు అంచులు, నూనె ప్రవేశించే చోటు, బయటికి పోయే చోటు వేర్వేరుగా రాసుకోండి. ఒక వైపు గుంటలు త్వరగా చిన్నవవుతుంటే షాఫ్టు లేదా ఆధారం వాలి ఉంది. గుంటలు తిరిగి చెక్కినా అదే జరుగుతుంది, ముందు వాలు సరిచేయాలి. ముఖమంతా సమానంగా తగ్గుతుంటే అది మామూలు అరుగుదల. వ్యాసం తగ్గకుండా గుంటలు నల్లగా నిండుతుంటే అవి రేణువులతో నిండుతున్నాయి. అల్ట్రాసోనిక్‌లో కడిగి, నూనె వడపోత చూడండి. గుంట లోతు కన్నా పెద్ద రేణువులు ఎలాగూ గుంటలో ఇమడవు, పైనే దొర్లుతూ గీకుతాయి. 6 మైక్రాన్ల గుంటలు 20 మైక్రాన్ల మురికిని ఆపలేవు, దాన్ని ఫిల్టరే ఆపాలి.

వ్యాసం 71 దాటి కిందికి దిగిన ముఖాన్ని మళ్లీ చెక్కేటప్పుడు పాత గుంటల మీదే కొత్తవి వేయకండి. కొత్త పల్సు పాత గుంట వాలు మీద పడి, ఒక వైపు లోతైన వంకర గుంట వస్తుంది. మిగిలిన 3 మైక్రాన్లను ల్యాపింగ్‌తో పూర్తిగా తీసేసి, ముఖం చదునైందని కొలిచి, పల్సుల పట్టిక మళ్లీ వేసి, 18.4 డిగ్రీల వాలుతో మొదటి నుంచి చెక్కండి.